సి క్యాంపు రిటైర్డ్ వాళ్ళ క్లబ్ మళ్ళీ ఎట్లా నడిచింది: ఒక కేస్ స్టడీ

కర్నూలు తెలియనోళ్ళ కోసం ముందు ఏరియా గురించి కొంచెం. 1953 అక్టోబర్ 1న ఆంధ్ర రాష్ట్రం వచ్చినప్పుడు కర్నూలే రాజధాని, 1956 నవంబర్ 1న హైదరాబాద్‌కి పోయేదాకా మూడేండ్లు మాకు ఆ వైభోగం. అప్పుడు ఉద్యోగుల కోసం వేసిన క్వార్టర్ల నుంచి వచ్చినవే ఎ క్యాంపు, బి క్యాంపు, సి క్యాంపు అనే పేర్లు. రాజధాని పోయింది కానీ గవర్నమెంట్ ఉద్యోగులు ఈ వైపే ఉండిపోయినారు, రిటైర్ అయినాక చుట్టుపక్కల కాలనీల్లోనే ఇండ్లు కట్టుకున్నారు, ఏ వీధిలోకి పోయినా గేటు పక్కన పలక మీద పేరు, దాని కింద డిజిగ్నేషన్, దానికి ముందర చిన్న అక్షరాల్లో "రిటైర్డ్" అని ఉంటుంది. ఇట్లాంటి చోట రిటైర్డ్ వాళ్ళ క్లబ్ పెడితే దానంతటదే నడుస్తుందని అందరూ అనుకుంటారు, అట్లా ఏం నడవదు.

క్లబ్ పేరు, మనుషుల పేర్లు ఇక్కడ రాయడం లేదు, వాళ్ళే వద్దన్నారు. నేను వయోజన విద్యలో ఫీల్డ్‌లో పని చేసి, ఇప్పుడు చిన్న చిన్న సంఘాలకు ప్రోగ్రాములు ఎట్లా నడుపుకోవాలో చూపించే పని చేస్తున్నా. కమిటీ వాళ్ళు నన్ను పిలిచినప్పటికి క్లబ్ పెట్టి రెండేండ్లు దాటింది, మొదట్లో హాలు నిండేదంట, నేను పోయేసరికి పదిహేను మంది, అందులో సగం కమిటీనే.

ప్రోగ్రాం ఏందంటే ఆదివారం సాయంత్రం ఒక కళ్యాణ మండపం పై అంతస్తులో ఉపన్యాసం. ముఖ్య అతిథి, ఆయన పక్కన సభాధ్యక్షులు, ఆత్మీయ అతిథి, వందన సమర్పణ, శాలువాలు, వెనక ఫ్లెక్సీ. సబ్జెక్ట్ ఒక వారం ఆధ్యాత్మికం, ఇంకో వారం షుగరు జాగ్రత్తలు, మళ్ళీ ఆధ్యాత్మికం. గంటన్నరలో అసలు విషయం ఇరవై నిమిషాలు ఉంటే గొప్ప, మిగతాదంతా ఒకరి గురించి ఒకరు చెప్పుకోవడమే. నాకు ఈ శాలువాల గోల మీద మొదటి నుంచీ మంట, అది దాచుకోను. కానీ కమిటీని అడిగితే వాళ్ళ సమాధానం "జనానికి ఆసక్తి లేదు సార్, టీవీకి అలవాటు పడినారు" అని.

సరే అని పాత రిజిస్టర్ తీసుకుని రావడం మానేసిన వాళ్ళ ఇండ్లకు పోయినా. నిజం చెప్పాలంటే ఈ మొత్తం కేసులో అన్నిటికంటే పనికొచ్చింది ఈ తిరుగుడే. బోర్ కొట్టి మానేసినాం అని ఒక్కరూ అనలేదు, మర్యాదకు అనలేదేమో గానీ వాళ్ళు చెప్పిన కారణాలు మాత్రం అసలు సబ్జెక్ట్‌కి సంబంధం లేనివి. మెట్లు. బాత్రూంలో ఇండియన్ టైపు, మోకాళ్ళు ఆపరేషన్ అయిన వాళ్ళు కూర్చోలేరు, అందుకని మధ్యాహ్నం నుంచే నీళ్ళు తాగకుండా వచ్చేవాళ్ళంట, ఆ మాట ఒక అమ్మ తలుపు చాటు నుంచి చెప్పింది, భర్త ముందర చెప్పలేదు. చీకటి పడినాక ఆటోల కోసం రోడ్డు మీద నిలబడటం. చేతులు లేని ప్లాస్టిక్ కుర్చీలు, కూర్చుంటే లేవడానికి పట్టు దొరకదు. ఇంక "మోకాళ్ళ నొప్పులు" అని చెప్పిన వాళ్ళలో కొంతమందికి అసలు మోకాళ్ళు బాగానే ఉన్నాయి, పొద్దున స్టేడియంలో నడుస్తా కనపడతారు, వాళ్ళ అసలు సమస్య చెవులు.

ఈ చెవుల సంగతి కొంచెం వివరంగా చెప్పాలి ఎందుకంటే ఏ క్లబ్‌లోనైనా ఇదే జరుగుతుంది, ఎవరూ పైకి చెప్పరు. వయసుతో వచ్చే చెవుడులో ముందు పోయేది సన్నటి శబ్దాలు, స, ష, ఫ, త లాంటివి, మనిషి గొంతు వినపడుతుంది కానీ మాట తెలియదు. "సార్, గట్టిగా మాట్లాడండి" అంటే మైక్ పెంచుతారు, మైక్ పెంచితే ఖాళీ హాల్లో రీసౌండ్ వచ్చి ఉన్న మాట కూడా పోతుంది, పైన ఫ్యాన్లు ఫుల్ స్పీడు. మనిషి గంటన్నర తల ఊపి ఇంటికి పోతాడు, రెండో వారం మోకాళ్ళ నొప్పి అంటాడు. చెవుడు అని చెప్పుకోవడానికి సిగ్గు, మోకాలికి సిగ్గు లేదు.

కాబట్టి మేము ముందు మార్చింది సబ్జెక్ట్‌లు కాదు, చోటు. ఒక మెంబర్ ఇంటి కింది పోర్షన్ ఖాళీగా ఉంటే అద్దెకు తీసుకున్నాం, రెండు గదులు, వరండా, వెస్టర్న్ కమోడ్ పక్కన గోడకు పట్టుకునే రాడ్ వేయించినాం. చేతులున్న కుర్చీలు. మైక్ తీసేసినాం. ఒక టేబుల్ చుట్టూ ఎనిమిది నుంచి పది మంది, అంతకంటే ఎక్కువైతే రెండో గదిలో ఇంకో గ్రూపు. మాట్లాడేవాళ్ళు కిటికీకి ఎదురుగా కూర్చోవాలి, వెలుతురు వాళ్ళ మొహం మీద పడాలి, ఎందుకంటే చెవి తగ్గిన వాళ్ళు సగం పెదాలు చూసే అర్థం చేసుకుంటారు, వాళ్ళకే తెలియకుండా.

తర్వాత టైము. ఆదివారం సాయంత్రం అనేది ఉద్యోగాలు చేసే వాళ్ళు పెట్టుకునే టైము, రిటైర్డ్ వాళ్ళకు దాంతో ఏం పని. పైగా ఆ టైముకు ఆడవాళ్ళు రాలేరు, ఆదివారం ఇంట్లో పిల్లలు, కోడలు, కొడుకు అందరూ ఉంటారు, వంట డబుల్. మామూలు రోజుల్లో పొద్దున పదకొండు నుంచి పన్నెండున్నర అని పెట్టినాం, వంట అయిపోయి ఉంటుంది, మనవళ్ళు స్కూల్ నుంచి వచ్చే టైము కాలేదు. ఈ ఒక్క మార్పుతో ఆడవాళ్ళు రావడం మొదలైంది, వస్తే వచ్చినారు గానీ ఒకావిడ మొదటి రోజే రిజిస్టర్ పక్కన పెట్టి "నేను రిటైర్ కాలేదు సార్, నాకు రిటైర్మెంట్ యాడుంది" అనింది. నిజమే కదా. అప్పటిదాకా రూల్ ప్రకారం రిటైర్డ్ ఉద్యోగులకే మెంబర్‌షిప్. దాన్ని అరవై దాటిన ఎవరైనా అని మార్చడానికి కమిటీలో రెండు మీటింగులు కొట్లాట.

ఎండాకాలం మాత్రం ఈ టైము కుదరదు, కర్నూల్లో ఏప్రిల్, మే అంటే నలభై డిగ్రీలు దాటిపోతుంది, ఆ రెండు నెలలు పొద్దున ఆరున్నరకే.

ఇప్పుడు అసలు సంగతి, ఎవరు నేర్పిస్తారు అనేది. ఈ ఆలోచన కొత్తదేం కాదు, 1973లో ఫ్రాన్స్‌లో తులూజ్‌లో రిటైర్డ్ వాళ్ళ కోసం యూనివర్సిటీలోనే క్లాసులు పెట్టినారు, దాన్ని థర్డ్ ఏజ్ యూనివర్సిటీ అన్నారు. తర్వాత 1980ల మొదట్లో బ్రిటన్ వాళ్ళు దాన్ని తిప్పేసినారు, ప్రొఫెసర్లు ఎందుకు, మెంబర్లలోనే ఏదో ఒకటి తెలిసినోళ్ళు ఉంటారు కదా, వాళ్ళే మిగతావాళ్ళకు చెప్తారు, పరీక్షల్లేవు, డిగ్రీల్లేవు. నేను ఇది కమిటీకి చెప్తే ట్రెజరీలో చేసిన సారు అడిగిన మొదటి ప్రశ్న "సర్టిఫికెట్ ఏమన్నా ఇస్తారా?" అని. లేదంటే కొంచెం నిరుత్సాహపడినాడు.

అందరికీ ఒక కాగితం ఇచ్చి "మీరు ఏం నేర్పించగలరు?" అని రాయించడం మామూలుగా అందరూ చేసే పని, ఆ కాగితాలు ఖాళీగానో "ఏమీ లేదు" అనో వస్తాయి, మన వాళ్ళకు నేర్పించడం అంటే టీచర్ ఉద్యోగమే. అందుకని ప్రశ్న ఇట్లా పెట్టినాం: "చుట్టాలు గానీ పక్కింటోళ్ళు గానీ మీకు ఫోన్ చేసి ఏం అడుగుతుంటారు?" ఈ ప్రశ్నకు ప్రతి ఒక్కరి దగ్గరా సమాధానం ఉంది. ట్రెజరీ సారుకి పెన్షన్ కాగితాల గురించి ఫోన్లు. నర్సుగా చేసిన అమ్మకి బీపీ మిషన్ రీడింగ్ ఎక్కువ చూపిస్తాంది ఏం చేయాలని. ఇరిగేషన్‌లో చేసిన పెద్దాయనకి బోరు ఎక్కడ వేయాలని, అది ఆయన సబ్జెక్టే కాదు పాపం, అయినా అడుగుతారు. ఉర్దూ మీడియం స్కూల్లో చేసిన మాస్టారుకి పాత దస్తావేజులు చదివి పెట్టమని. "నాకు రిటైర్మెంట్ యాడుంది" అన్న ఆవిడకి ఊరగాయ బూజు పట్టకుండా ఎట్లా అని. ఈ కాగితాల్లోంచే గ్రూపులు తయారైనాయి.

అన్నీ నిలబడలేదు. ఇంగ్లీష్ మాట్లాడే గ్రూపు మూడు నెలలకే చచ్చిపోయింది, అందరూ గ్రామరే అడిగినారు, మాట్లాడమంటే నవ్వి ఊరుకున్నారు. యోగా పార్కులో ఊరికే నేర్పుతుంటే ఇక్కడికెందుకు వస్తారు. గట్టిగా నిలబడింది ఫోన్ గ్రూపు, ఉర్దూ గ్రూపు, ఊరి చరిత్ర గ్రూపు. పద్యాల గ్రూపు పడుతూ లేస్తూ నడుస్తా ఉంది.

ఫోన్ గ్రూపు మొదలైంది లైఫ్ సర్టిఫికెట్‌తో. పెన్షనర్ బతికే ఉన్నాడని ఏటా చూపించాలి, కేంద్ర ప్రభుత్వ పెన్షనర్లకైతే నవంబర్, ఎనభై దాటితే అక్టోబర్ నుంచే ఇవ్వొచ్చు. దాన్ని ఆన్‌లైన్‌లో ఇచ్చే జీవన్ ప్రమాణ్ 2014లోనే వచ్చింది కానీ అప్పట్లో వేలిముద్ర, ముసలోళ్ళ వేళ్ళు అరిగిపోయి మిషన్ పట్టదు, పది సార్లు తుడిచి పెట్టినా పట్టదు. 2021లో మొహంతో చేసే పద్ధతి వచ్చినాక ఇంట్లో ఫోన్‌లోనే అయిపోతుంది, అవ్వాలి. కానీ గ్రూపులో చూస్తే తెలిసింది, ఫోన్‌ని పొట్ట దగ్గర పట్టుకుంటారు, కెమెరాకి గడ్డం, పైన తిరిగే ఫ్యాన్ తప్ప ఏం కనపడదు. కిటికీకి వీపు పెట్టి కూర్చుంటారు, మొహం నల్లగా వస్తుంది. కళ్ళు ఆర్పమని యాప్ అడిగితే అది కనపడదు ఎందుకంటే ఫోటో కోసం అద్దాలు తీసేసి ఉంటారు. దీనికి గ్రూపు వాళ్ళే పరిష్కారం కనిపెట్టినారు, ఎదురుగా ఒకరు కూర్చుని "ఆర్పు సార్, ఇప్పుడు ఆర్పు" అని చెప్తారు, ఇద్దరిద్దరుగా చేస్తే ఒకే సారికి అయిపోతుంది.

అక్కడ ఇంకోటి జరిగింది. ఆ గ్రూపు కన్వీనర్ ఒకప్పుడు ఒక ఆఫీసులో అటెండర్‌గా చేసిన మనిషి, ఫోన్ విషయంలో దిట్ట, నేర్చుకోవడానికి వచ్చిన వాళ్ళలో ఆయన పాత ఆఫీసరు కూడా ఉన్నాడు. మొదటి వారం కన్వీనర్ కూర్చోనే లేదు, నిలబడే చెప్పినాడు, ఎంత చెప్పినా వినలేదు. రెండో వారం ఆ ఆఫీసరే కుర్చీ లాగి "కూర్చో అప్పా, నిలబడి చెప్తే నాకు ఎక్కదు" అన్నాడు. ఇప్పటికీ "సార్" అనే పిలుస్తాడు, పాస్‌వర్డ్ మర్చిపోతే మాత్రం గట్టిగానే మందలిస్తాడు. గుండ్రంగా కూర్చోబెట్టడం వల్ల ముందు వరస అనేదే లేకుండా పోయింది, అది లేకపోతే ఇది జరిగేది కాదు అని నా అభిప్రాయం.

డిజిటల్ అరెస్ట్ మోసాల గురించి కూడా ఈ గ్రూపులోనే. పోలీసు డ్రెస్‌లో వీడియో కాల్ చేసి మీ ఆధార్ మీద డ్రగ్స్ పార్సిల్ దొరికింది, ఫోన్ కట్ చేయొద్దు, ఎవరికీ చెప్పొద్దు అంటారు కదా. అట్లాంటి అరెస్ట్ అనేదే చట్టంలో లేదని, డబ్బు పోతే వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయాలని అందరికీ పాఠం వచ్చేసింది, అడిగితే గడగడా చెప్తారు. కానీ పాఠం వేరు, ఫోన్ కట్ చేయడం వేరు. జీవితమంతా పై ఆఫీసర్‌కి "ఎస్ సార్" అన్న నోరు అది, గట్టిగా అధికారం చూపించే గొంతు వినపడితే చెయ్యి ఎర్ర బటన్ మీదికి పోదు. అందుకని నాటకం ఆడించినాం, పక్క గదిలోంచి ఒకరు దొంగ సీబీఐ ఆఫీసర్‌గా కాల్ చేస్తారు, ఇవతలి వాళ్ళు మాట పూర్తికాకముందే కట్ చేయాలి. రిటైర్డ్ హెడ్మాస్టరు ఒకాయన మూడు సార్లు ప్రయత్నించి మూడు సార్లూ "నమస్కారం, తర్వాత మాట్లాడతాను" అని మర్యాదగా చెప్పినాకే కట్ చేసినాడు. దొంగోడికి కూడా నమస్కారమే. నవ్వులే నవ్వులు, కానీ ఆ తర్వాత కొన్నాళ్ళకు ఒక మెంబర్‌కి నిజంగానే అట్లాంటి కాల్ వస్తే ఆవిడ ఠక్కున కట్ చేసి గ్రూపులో పెట్టింది.

ఉర్దూ గ్రూపులో చేరింది ఎక్కువ తెలుగోళ్ళే, చిన్నప్పటి నుంచి పాతబస్తీలో బోర్డులు చూస్తా పెరిగి ఒక్క అక్షరం చదవలేదనే లోటు. మాస్టారు అలిఫ్, బే నుంచి మొదలుపెట్టలేదు, వాళ్ళ వాళ్ళ పేర్లు రాసి చూపించి అందులోంచి అక్షరాలు విడదీసినాడు, అది నాకు బాగా నచ్చింది.

చరిత్ర గ్రూపుకి ఇరిగేషన్ పెద్దాయన పెద్ద దిక్కు. కేసీ (కర్నూలు-కడప) కాలువ గురించి మొదలుపెడితే ఆపడం కష్టం, 1863లో ఒక ప్రైవేట్ ఇంగ్లీష్ కంపెనీ తవ్వడం మొదలుపెట్టింది, నీళ్ళు పారించడంతో పాటు పడవలు నడిపి లాభం తీయాలని వాళ్ళ ప్లాన్, 1870కి పూర్తయింది, లాభం లేక 1882లో గవర్నమెంట్ కొనేసింది, ఇదంతా ఆ కాలువ మొదలయ్యే సుంకేసుల దగ్గర నిలబడి ఆయన చేతులు ఊపుతా చెప్తుంటే వినాలి. ఈ గ్రూపు పోయిన టూర్లలో అందరూ ఇప్పటికీ చెప్పుకునేది ఎర్రగుడి, పత్తికొండ నుంచి గుత్తి పోయే దారిలో అశోకుడి శాసనాలున్న చోటు. శాసనం పాఠం, తెలుగు అర్థం పెద్ద అక్షరాల్లో ప్రింట్ తీసి ఒక్కొక్కరికి ఒక కాగితం ఇచ్చినాం, బండల దాకా ఎక్కలేని వాళ్ళు కింద చెట్టు నీడలో కూర్చుని అదే చదువుకున్నారు. ఆ చిన్న శాసనంలో కొన్ని వరసలు ఎడమ నుంచి కుడికి, కొన్ని కుడి నుంచి ఎడమకి చెక్కి ఉంటాయి, అది చెప్పగానే ఉర్దూ గ్రూపు వాళ్ళకు ఎక్కడలేని హుషారు వచ్చింది. తల్లిదండ్రుల మాట వినాలి, పెద్దల మాట వినాలి, ప్రాణుల మీద దయ ఉండాలి, నిజం చెప్పాలి అని అందులో ఉంది. ఒకాయన కాగితం మడిచి జేబులో పెట్టుకుంటా "రెండు వేల రెండొందల ఏండ్ల కిందే రాయి మీద చెక్కి చెప్పాల్సి వచ్చిందంటే, అప్పుడు కూడా ఎవరూ వినలేదన్న మాట" అన్నాడు. దారిలో ఉగ్గాని, మిరపకాయ బజ్జీ. షుగరోళ్ళందరూ తిన్నారు, ఆ రోజుకి నర్సమ్మ ఏమీ అనలేదు.

ఆ మాట జోకే గానీ దాని వెనక ఉన్నది జోక్ కాదు. ఆస్తులు, కొడుకులు, కోడళ్ళు అనే సబ్జెక్ట్ ప్రతి గ్రూపులో ఏదో ఒక రూపంలో వస్తుంది. తల్లిదండ్రుల, పెద్దవాళ్ళ పోషణ కోసం వచ్చిన 2007 చట్టం మీద ఒక లాయర్‌తో సెషన్ పెట్టినాం, పిల్లలు చూసుకోకపోతే తల్లిదండ్రులు ఆర్డీవో దగ్గర ట్రిబ్యునల్‌కి అర్జీ పెట్టుకోవచ్చని, ఇప్పించే పోషణ ఖర్చుకు ఆ చట్టంలో నెలకు పది వేల దాకా పరిమితి ఉందని, గిఫ్ట్ డీడ్ రాసేటప్పుడు నన్ను చూసుకోవాలి అనే షరతు అందులో రాయించుకోవడం ఎంత ముఖ్యమో చెప్పించినాం. సెషన్‌లో ఒక్కరూ ప్రశ్న అడగలేదు. అయిపోయినాక అందరూ పోయినా ఇద్దరు మాత్రం చెప్పులు వెతుకుతున్నట్టు వరండాలో ఆగిపోయినారు. అప్పటి నుంచి అట్లాంటి సెషన్ తర్వాత అరగంట గది ఖాళీగా ఉంచుతాం, లాయర్ అక్కడే ఉంటాడు. పెద్దవాళ్ళ సాయం కోసం ఉన్న 14567 ఎల్డర్‌లైన్ నంబర్ గోడ మీద పెద్దగా రాసి పెట్టినాం. అంతకుమించి క్లబ్ జోక్యం చేసుకోదు, పంచాయితీలు మొదలుపెడితే క్లబ్ రెండు ముక్కలవుతుంది.

డీఏ బకాయిల సంగతి కూడా ఇట్లాంటిదే. పెన్షనర్లు పది మంది కూర్చుంటే ఐదు నిమిషాల్లో మాట డీఏ మీదికి పోతుంది, ఉర్దూ క్లాసైనా అంతే. ఆపితే కోపాలు, ఆపకపోతే క్లాస్ లేదు. అందుకని చివర్లో పదిహేను నిమిషాలు దానికే ఇచ్చేసినాం, "డీఏ టైము" అనే పిలుస్తారు. చిట్టీలు, ఇన్సూరెన్సులు, హెర్బల్ పౌడర్లు అమ్మడం మాత్రం పూర్తిగా బంద్, ఒక్కసారి ఒప్పుకుంటే వారం తిరిగేసరికి గ్రూపంతా అమ్మేవాళ్ళే ఉంటారు.

డబ్బుల గురించి. 2001 సొసైటీల చట్టం కింద రిజిస్టర్ చేయించినాం, ఏడుగురు మెంబర్లు ఉంటే చాలు, ముఖ్యంగా బ్యాంక్ అకౌంట్ ఒకరి పేరు మీద ఉండకూడదని. నెలకు వంద రూపాయలు పెట్టుకున్నారు, గవర్నమెంట్ పెన్షనర్లకు అది లెక్క కాదు. కానీ మిల్లుల్లో, ప్రైవేట్‌లో చేసి వచ్చిన వాళ్ళు కూడా చేరినారు, వాళ్ళది ఈపీఎఫ్ పెన్షన్, అందులో మినిమం అంటే 2014 నుంచీ వెయ్యి రూపాయలే, వెయ్యిలో వంద అంటే మాటలా. ఇప్పుడు ఎవరు ఎంత కడుతున్నారో కోశాధికారికి తప్ప ఎవరికీ తెలియదు, రిజిస్టర్‌లో "చెల్లించారు" అని మాత్రమే ఉంటుంది. లీడర్ల దగ్గర చందా తీసుకోలేదు, తీసుకుంటే ఫ్లెక్సీ వస్తుంది, ఫ్లెక్సీ వస్తే మళ్ళీ వేదిక వస్తుంది.

పద్యాల గ్రూపు కన్వీనర్ పోయినప్పుడు ఆ గ్రూపు నెలల తరబడి ఆగిపోయింది, పుస్తకాలు ఎక్కడున్నాయో కూడా ఎవరికీ తెలియదు. ఈ వయసు వాళ్ళ క్లబ్‌లో ఇది అనుకోని విషయం అనుకోకూడదు. ఇప్పుడు ప్రతి గ్రూపుకీ ఇద్దరు కన్వీనర్లు, వారం ఒకరు. అట్లాగే వాట్సాప్‌లో పొద్దున లేస్తే సంతాపాలే కనపడుతుంటే కొంతమంది గ్రూప్ తెరవడమే మానేసినారు, వాటికి వేరే గ్రూప్ పెట్టి క్లాసుల గ్రూప్‌లో టైమింగులు మాత్రమే ఉంచినాం.

కుదరనివి ఇంకా ఉన్నాయి. భార్య పోయిన మగవాళ్ళు రావడం లేదు, వాళ్ళకే ఎక్కువ అవసరం, ఇంటికి పోయి పిలిస్తే వస్తామంటారు, రారు. ఒక్క చెస్ బోర్డు దగ్గరికి మాత్రం ఇద్దరు వస్తున్నారు, మాట్లాడాల్సిన పని లేదు కాబట్టేమో. 2009 అక్టోబర్ వరదలప్పుడు ఎవరెవరు ఎక్కడ ఉన్నారో చరిత్ర గ్రూపు రికార్డ్ చేస్తా ఉంది, కానీ ఫోన్‌లో రికార్డ్ చేసినవి టైప్ చేసేవాళ్ళు లేరు, మనవళ్ళ కాలేజీ సెలవుల కోసం చూస్తున్నారు. ఉర్దూ గ్రూపు రెండో బ్యాచ్‌కి పేర్లు రాయించుకుంటే పాతబస్తీ నుంచి వచ్చిన ఇద్దరు పెద్దమ్మలు మాకు ఉర్దూ వచ్చు, తెలుగు చదవడం నేర్పండి అన్నారు, బస్సు బోర్డు, కరెంటు బిల్లు చదువుకుంటే చాలంట. దానికి ఇంకా కన్వీనర్ దొరకలేదు, హెడ్మాస్టరు సారుని అడిగితే ఆలోచించి చెప్తానన్నాడు.